జనవరి ఒకటిన వచ్చిన వరద

"ఏ కెమెరా కొనాలన్నా?" అని అడగడానికి నా దగ్గరికి వచ్చే తమ్ముళ్లకు ముందు టీ ఇప్పిస్తాను. నా జవాబు వాళ్లకు నచ్చదు, టీ అయినా దక్కాలి కదా. వాళ్ల ఫోన్లో రెండు కెమెరాల బొమ్మలు పక్కపక్కన ఉంటాయి. ఇది సెకనుకు ఇరవై తీస్తదంట, అది ముప్పై తీస్తదంట. ముప్పై తీసి ఏం చేస్తావు నాయనా, వాటిలో ఒకటి ఏరడానికి ఇంకో మనిషిని పెట్టుకుంటావా అంటాను. నవ్వుతారు. ఫోన్ మాత్రం లోపల పెట్టరు.

నా జవాబు ఇదీ. నీ చేతిలో ఉన్న కెమెరాకు ఏ జబ్బు ఉందో నీకు తెలిస్తే అది మంచి కెమెరా. తెలిసి కూడా ఊరుకుంటే నువ్వు మంచి ఫొటోగ్రాఫర్‌వి కాదు. ఇందులో మొదటి మాట ముప్పై ఏళ్ల పనిలో నేర్చుకున్నాను. రెండోది ఒక్క ఆదివారం నేర్పింది. ఆ ఆదివారం సంగతి చెప్తాను. నన్ను మెచ్చుకోవడానికి చదవకండి, మెచ్చుకునే పని నేను సగమే చేశాను.

భద్రాచలంలో నాకు చిన్న స్టూడియో ఉండేది. కళ్లు మసకబారాయి, పోయినేడు మూసేశాను. పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, బడి గ్రూపు ఫొటోలు, స్టేషన్ వాళ్లు పిలిస్తే శవ పంచనామా ఫొటోలు, ఏదైనా తీశాను. ఈ ప్రాంతంలో తిరిగినవాడికి సామాను గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఖమ్మం మిర్చి యార్డులోకి సీజన్లో జూమ్ లెన్సు పట్టుకుపోయి చూడండి. ముందుకూ వెనక్కూ జరిపినప్పుడల్లా అది గాలి పీలుస్తుంది, గాలితోపాటు ఎర్రటి దుమ్మూ పీలుస్తుంది. నెల తిరిగేసరికి లోపలి అద్దం మీద పొర కడుతుంది. మీకు తుమ్ములు వస్తే పోతాయి, లెన్సుకు వచ్చింది పోదు. అందుకే యార్డుకు నేను జూమ్ లేని లెన్సు ఒక్కటి తీసుకుపోయి, దానికి బదులు నేనే ముందుకూ వెనక్కూ జరిగేవాణ్ణి. పెళ్లిలో తలంబ్రాల గింజ ఫోకస్ రింగులో ఇరుక్కుంటుంది. గోదావరి పక్కన వానాకాలమంతా సంచిలోంచి తీయని లెన్సుకు బూజు పడుతుంది. ఇవి ఏ కంపెనీ కాగితంలోనూ ఉండవు.

నా కెమెరా ఖమ్మంలో సెకండ్‌హ్యాండుకు కొన్నది. లోపల అద్దం టప్పున లేచి పడే పాత రకం. ఆ చప్పుడుకు ఒక పెళ్లిలో పంతులుగారు మంత్రం ఆపి నావైపు చూశారు. పట్టుకునే చోట రబ్బరు ఊడిపోతే సైకిల్ పంక్చర్ సొల్యూషన్‌తో అంటించాను. మా వాళ్లంతా ఒక్కొక్కరే కొత్త రకం కెమెరాలకు మారారు. నేను మారలేదు. అప్పటికే నాకు పాస్టరన్న అని పేరు పెట్టారు. నేను పాస్టర్‌ను కాను, ఆదివారం బడిలో పిల్లలకు వాక్యం చెప్పేవాణ్ణి. ఆదివారం ఆరాధన అయ్యేదాకా కెమెరా ముట్టనని పట్టు పట్టి కూర్చునేవాణ్ణి కాబట్టి ఆ పేరు వచ్చింది. మా ఫొటోగ్రాఫర్ల యూనియన్‌లో అందరికంటే చిన్నవాడు, చేతి నిండా పనున్నవాడు ఒకడు ఉండేవాడు. ఎక్కడ కలిసినా వాడు ఒకటే అడిగేవాడు.

"పాస్టరన్నా, నీ కెమెరాకు మారుమనస్సు ఎప్పుడొస్తది?"

"దానికి వానాకాలం వానాకాలం బాప్తిస్మం అయితనే ఉన్నదిరా. నీ దానికి ఒక్క చుక్క పడితే దవాఖానకు ఉరుకుతవు."

అందరూ నవ్వేవాళ్లు. వాడూ నవ్వేవాడు. ఆ నవ్వుల్లో నాకు బాగా గర్వం పెరిగిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. నా కెమెరా ఆగదు అనే మాటను నేను చర్చి సంఘంలో చెప్పే సాక్ష్యంలాగా అందరికీ చెప్పుకుంటూ తిరిగాను.

ఆగదు కానీ దానికి ఒక జబ్బు ఉంది. ఖమ్మంలో కెమెరాలు బాగు చేసే పెద్దాయన ఒకసారి దాన్ని విప్పి చూసి చెప్పాడు. లోపల గుండీ అంత సెల్ ఒకటి ఉంటుంది. పెద్ద బ్యాటరీ తీసినప్పుడు తేదీ, టైము గుర్తుపెట్టుకునేది అదే. అది చచ్చిపోయింది.

"రెండు దినాలు ఇచ్చిపో. బోర్డు విప్పాలె."

"రెండు దినాలా? పెళ్లిళ్ల సీజన్ సార్. తారీఖు తెలవకుంటే కెమెరా ఆగుతదా ఏంది?"

"ఆగదు. మంచిగ నడుస్తది. అందుకే చెప్తున్న."

ఆ మాటలో ఉన్నది నాకు అప్పుడు వినపడలేదు. నా సొంత వైద్యం నేను మొదలుపెట్టాను. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ స్క్రీన్ తారీఖు అడుగుతుంది. అడిగినప్పుడల్లా పెట్టేవాణ్ణి. పెట్టకుండా నొక్కేస్తే అది తాను పుట్టిన సంవత్సరానికి పోయి, జనవరి ఒకటి, అర్ధరాత్రి పన్నెండు నుంచి లెక్క మొదలుపెడుతుంది. ఒకసారి అలాగే నొక్కేశాను. ఆల్బమ్ చేసే ఆయన ఫోన్ చేసి, "అన్నా, ఈ పెండ్లిల అప్పగింతలు అయినంక పెండ్లిచూపులు జరిగినయి, గిట్లనే పెట్టాల్నా?" అన్నాడు. వారం రోజులు ఆ మాట చెప్పుకొని నవ్వుకున్నాం. నవ్వు అయిపోయింది, సెల్ మాత్రం మార్చలేదు.

ఆ ఏడు గోదావరి మూడో హెచ్చరిక దాటింది. మూడు రోజులుగా కరెంటు లేదు. ఆదివారం చర్చిలో మా పాస్టర్ అయ్యగారు ప్రసంగం మధ్యలో ఉన్నారు. తలుపు దగ్గర ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు, ఒంటి మీది నీళ్లు కారి గడప తడుస్తోంది. బూర్గంపాడు అవతల లోతట్టు పల్లె ఒకదానికి పంచాయతీ కార్యదర్శి అతను. లోపలికి రాలేదు, చేత్తో నన్ను పిలిచాడు.

"అంకుల్, ఇండ్లు పడిపోతున్నయి. నీళ్లు తీసినంక ఏం మిగలదు, ఫొటోలు ఉండాలె. మా ఫోన్లన్నీ చచ్చినయి. మీ యూనియన్ల అందరిని అడిగిన, ఒకని బ్యాటరీ లేదు, ఒకనిది తడిసిందట. మీ కెమెరా నడుస్తదా?"

నడుస్తుంది. పాత రకం బ్యాటరీ, ఒక్కసారి చార్జ్ చేస్తే మూడు పెళ్లిళ్లు వస్తుంది. నా దగ్గర రెండు ఉన్నాయి. ఆరాధన మధ్యలో లేచి వెళ్లడం నా జీవితంలో అదే మొదలు. అయ్యగారు వేదిక మీదనుంచే తల ఊపారు. తర్వాత సంఘ పెద్ద ఒకాయన, "ఆదివారం ముట్టనంటివి కదా" అని ఎత్తిపొడిచాడు. గోతిలో పడ్డ పశువును విశ్రాంతి దినాన లాగొచ్చో లేదో మాకు నేర్పింది మీరే కదా అన్నాను.

చేపల పడవలో పోయాం. నేను, కార్యదర్శి, పడవ నడిపే ఆయన. పల్లె జనమంతా బడి డాబా మీద ఉన్నారు. అక్కడ టార్పాలిన్ కింద ఒకామె పెద్ద గిన్నెలో అన్నం వండుతోంది. బడి పిల్లలకు మధ్యాహ్నం వండిపెట్టే ఆమె. నలభై దాటి ఉంటాయి. భర్త పోయాడు, ఒక్కతే ఉంటుంది. డాబా మీది జనాన్ని రెండు ఫొటోలు తీశాను. ఆమె గరిటె ఆపకుండానే అడిగింది.

"అన్నా, మా ఇల్లు ఆ చివర్న ఉంటది. పెంకుటిల్లు. ఎట్లున్నదో చూసి ఒక్కటి తియ్యవా?"

"తీస్త చెల్లె. నువ్వు రావా?"

"నేనొస్తే వీళ్లకు బువ్వ ఎవరు పెడ్తరు?"

ముప్పై ఇళ్ల దాకా తీసుకుంటూ చివరికి చేరేసరికి, అప్పటికే సగం వాడి ఉన్న మొదటి బ్యాటరీ అయిపోయింది. వాన దంచుతోంది. పడవాయన తువ్వాలు నా తల మీద కప్పాడు. దాని కిందనే బ్యాటరీ మార్చాను. స్క్రీన్ వెలిగింది, తారీఖు అడిగింది. ఆ ఇంటి ముందరి గోడ అప్పటికే లేదు. కప్పు ఒక్క గుంజ మీద వేలాడుతోంది, గుంజ కదులుతోంది. రెండుసార్లు టకటకా నొక్కేసి కెమెరా కంటికి పెట్టాను. ఆరు ఫొటోలు. మొదటి దానిలో ఇల్లు నిలబడి ఉంది. మూడోదానిలో కప్పు ఒరిగింది. ఆరోదానిలో పెంకుల మీదుగా నీళ్లు పోతున్నాయి. లెన్సు మీద ఒక వాన చుక్క పడి ఉందని తెలుసు. తుడిచే తీరిక లేదు.

ఇంటికి వచ్చాక ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి కార్యదర్శికి ఇచ్చాను. బురదతోనే పడుకున్నాను. మంచి పని చేశానన్న తృప్తితో పడుకున్నానని కూడా చెప్పాలి.

నీళ్లు తీశాక ఆ చివరి చోట పెంకు ముక్క కూడా మిగల్లేదు. దూలాలు, తలుపు, అన్నీ గోదావరి తీసుకుపోయింది. పూర్తిగా కూలిన ఇళ్లవాళ్లకు మెరక మీద కొత్త ఇళ్లు ఇస్తామని జాబితా కట్టారు. అందరి పేర్లూ వచ్చాయి. వంటామె పేరు రాలేదు.

ఆమె, నేను మండల ఆఫీసుకు పోయాం. కంప్యూటర్ దగ్గర కూర్చునే ఆపరేటర్, చురుకైనవాడు, ఫొటో తెరిచి నవ్వడం మొదలుపెట్టాడు.

"జనవరి ఒకటి, రాత్రి పన్నెండు గంటల మూడు నిమిషాలు. ఇంత వెలుతురేంది సార్? న్యూ ఇయర్ లైటింగా?"

కెమెరా గడియారం చెడిపోయిందని చెప్పాను.

"గడియారం తప్పని నాకూ తెలుస్తున్నది. ఒప్పు ఏందో ఎవరికి తెలుసు? పోయినసారి వరదల ఫొటోలు పట్టుకొని ఎంతమంది వచ్చిన్రో మీకు తెల్వదు. తారీఖు కుదరలేదు కాబట్టి మనిషిని పంపినం. ఆయన పోయి చూస్తే అక్కడ ఖాళీ జాగ. రాసుకొచ్చిండు. కార్యదర్శి, ఊరోళ్లు ఇల్లు ఉండెనని చెప్పిన్రట, నోటిమాట లెక్కకు రాదు." రిజిస్టర్ నావైపు తిప్పాడు. ఆమె పేరు ముందు ఎర్ర సిరాతో రెండే మాటలు ఉన్నాయి. 'ఇల్లు లేదు.'

"అవ్, లేదు. అందుకే కదా వచ్చినం" అన్నాను.

"అట్ల కాదు సార్. అక్కడ ఇల్లే లేదు అని."

ఎట్లా వాదిస్తారు? తెలుగులో రెండింటికీ అదే మాట. ఇల్లు ఉండి పోయినవాళ్లకూ అదే, ఎన్నడూ లేనివాళ్లకూ అదే. బయటికి వచ్చాక ఆమె మెట్ల మీద కూర్చుంది.

"కట్టేటప్పుడు ఇటుకలు నేనే మోసిన. అన్నా, ఏమన్న చేస్తవా?"

చేస్తానన్నాను.

ఆ సాయంత్రం టీ హోటల్లో మావాళ్లకు చెప్పాను. మారుమనస్సు అని ఎగతాళి చేసే ఆ చిన్నవాడు ఈసారి నవ్వలేదు. ల్యాప్‌టాప్ తీశాడు.

"ఇటియ్యన్నా ఆ ఫైలు. రెండు నిమిషాల పని. తారీఖు మారుస్త."

"మారుస్తవా?"

"అబద్ధం గాదు కదా. వరద వచ్చిన దినమే పెడ్తం. నిజం తారీఖే కద?"

నిజం తారీఖే. అక్కడే నేను చిక్కుబడ్డాను. అబద్ధం చెప్పమని అడిగితే కాదనడం సులువు. నిజాన్ని దిద్దమని అడిగితే ఏమనాలి? పెన్‌డ్రైవ్ జేబులో నుంచి తీసి బల్ల మీద పెట్టాను కూడా.

మా సంఘంలో ఒక పెద్దాయన ఉండేవాడు. కుర్రతనంలో అడవిలో బీడీల తునికాకు కొయ్యడానికి పోయినప్పుడు ఎలుగుబంటి ఎదురైంది, దేవుడు కాపాడాడు. నిజంగా జరిగింది, చూసినవాళ్లు ఉన్నారు. ప్రతి ఏడూ సాక్ష్యాల కూటంలో లేచి చెప్పేవాడు. మొదట ఎలుగు నూరు గజాల దూరంలో ఉండేది. తర్వాత పది గజాలకు వచ్చింది. నా పెళ్లి నాటికి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. చివరికి పిల్లలు కూడా, "తాతా, ఈ ఏడు ముద్దు పెట్టిందా?" అని అడిగేవాళ్లు. నూరు గజాల దూరాన నిజంగా ఉన్న ఎలుగును కూడా ఎవరూ నమ్మకుండా పోయారు. ఆయన అబద్ధాలకోరు కాదు. జరిగిన దానికి కాస్త సాయం చేశాడు, అంతే.

పెన్‌డ్రైవ్ మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

"వద్దురా. ఆ తారీఖు నేను రాసింది కాదు, కెమెరా రాసింది. తప్పు రాసింది. దాన్ని నేను దిద్దితే అది నా రాతే, కెమెరా రాత కాదు. నా మాట చెప్పాలంటే తెల్ల కాగితం మీద రాసి కింద నా సంతకం పెడ్త. కెమెరా సంతకం నేను పెట్ట."

"అన్నా, ఆమె ఇల్లు పోతది. నీకు గిది ఆదివారం బడి లెక్కనే ఉన్నది."

మా అయ్యగారిని అడిగాను. ఆయన, నిజమైన తేదీ పెట్టడం పాపమని నేను అనలేను తమ్ముడూ అన్నారు. ఆయన మాట కాదనడం కూడా నాకు అదే మొదలు. ఆ నెలలో నాకు మొదటిసార్లు చాలా వచ్చాయి.

మర్నాడు వంటామె స్టూడియోకు వచ్చింది. ఎవరు చెప్పారో అంతా తెలిసింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మార్చొచ్చట కదా. నువ్వే వద్దన్నవట."

"చెల్లె, నేను చెప్పేది..."

"తప్పు చేసింది నువ్వు. పట్టు పట్టేది నువ్వు. ఇల్లు పోయేది నాది. నీ దేవునికి నా ఇల్లు అడ్డమొచ్చిందా అన్నా?"

ముప్పై ఏళ్లలో విన్న ప్రసంగాల్లోంచి దీనికి ఒక జవాబు ఏరి మీకు ఇప్పుడు చెప్పను.

"రేపు పొద్దున ఆఫీసుకు రా. అక్కడ కాకుంటే, నీ ముందటనే తారీఖు మార్పిస్త. నీ మీద ఒట్టు గాదు, మా వాక్యంల ఒట్లు పెట్టొద్దన్నది. మాట."

ఆమె నన్ను ఎగాదిగా చూసి వెళ్లిపోయింది. తమ్ముళ్లారా, ఆ మాట ఇచ్చినప్పుడు నాకు తెలుసు, ఓడిపోతే రెండు విధాలా పోతాను, నా పట్టూ నిలవదు, చూపించాక మార్చిన తారీఖునూ ఎవరూ నమ్మరు. రాత్రి సామాను బీరువాలోనుంచి ఆ వరద కార్డు తీశాను. పని పూర్తిగా అప్పజెప్పేదాకా కార్డు చెరపకపోవడం నా అలవాటు, ఆ నెల నన్ను ఏమైనా నిలబెట్టిందంటే ఆ అలవాటే. ఒక్క ఫొటో కూడా తీసేయకుండా, మొదటి నుంచి చివరిదాకా వరసగా చూశాను. చూసి పడుకున్నాను.

పొద్దున పది గంటలకు కెమెరా, కార్డు, ఒక తెల్ల కాగితం పట్టుకొని ఆఫీసులో ఉన్నాను. ఆమె ముందే వచ్చి గోడవారగా నిలబడి ఉంది. సిస్టమ్ ఒక్క ఫొటోనే తీసుకుంటదని ఆపరేటర్ అన్నాడు. సిస్టమ్‌కు కాదు, తహసీల్దారు పెద్ద సారుకు చూపిస్తానన్నాను. మధ్యాహ్నం దాకా బెంచీ మీద కూర్చున్నాను. నా కాగితం చదివి ఆపరేటర్ గొంతు తగ్గించాడు. మంచివాడే.

"కెమెరా తారీఖు చెడ్డదని ముందే తెలుసు, బాగు చేయించలేదు అని రాసిన్రు. గిది ఫైల్లో పడితే స్టేషన్ వాళ్లు మిమ్మల్ని మళ్ల పిలుస్తరా? పంచనామా ఫొటోలకు తారీఖే ముఖ్యం."

"పిలవొద్దు. తారీఖు తెలవని కెమెరాతోని నేను ఆ పని చేసుడే తప్పు."

పిలవలేదు కూడా. అది తర్వాతి సంగతి. పెద్ద సారు లోపలికి పిలిచాడు. వయసులో నాకంటే చాలా చిన్నవాడు, కళ్లు నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి.

"ఏంది పెద్దాయనా, ఆపరేటర్ చెప్పిండు కదా."

"నేను సాక్ష్యం చెప్తా సార్."

"ఇది చర్చి కాదు."

"తెలుసు సార్. చర్చిలైతే కుర్చీ వేస్తరు."

సారు కాలితో కుర్చీ నావైపు నెట్టాడు.

కార్డు కంప్యూటర్‌లో పెట్టించి, మొదటి ఫొటోనుంచి చూడమన్నాను. గోదావరి ఘాటు, వరద ఆదివారం, పొద్దున పదకొండు. బడి డాబా, అదే ఆదివారం. గిన్నె ముందు నిలబడింది ఎవరో అడగమన్నాను. సారు తలెత్తి గోడవారగా ఉన్న ఆమెను చూశాడు, మళ్లీ స్క్రీన్ చూశాడు. ఇళ్లు ఒక్కొక్కటే వస్తున్నాయి. ఆ ఇళ్లన్నీ ఆయన జాబితాలో ఉన్నవే.

"ఫొటో కింద నంబరు చూడండి సార్. ఇది నాలుగు వందల పన్నెండు, ఆదివారం మధ్యాహ్నం. పడవ ముక్కు కనపడుతుంది. తర్వాతది నాలుగు వందల పదమూడు. జనవరి ఒకటి."

"మధ్యల బ్యాటరీ మార్చిన్రు."

"అవ్ సార్. నంబరు ఆగలేదు. గడియారం ఒక్కటే చచ్చింది."

"నంబర్లు కూడా మార్చొచ్చంటరు కదా."

అవును, మార్చొచ్చు. నేను దానికి సిద్ధంగా లేను. ఒక్క సాక్షి మాట చాలదని, ఇద్దరు ముగ్గురు ఉండాలని చిన్నప్పటినుంచి పిల్లలకు చెప్పినవాణ్ణి, ఒక్క నంబరును పట్టుకొని వచ్చాను. సారు మాత్రం స్క్రీన్ వదల్లేదు. నాలుగు వందల పన్నెండుకు వెళ్లాడు, పదమూడుకు వచ్చాడు. మళ్లీ వెళ్లాడు, మళ్లీ వచ్చాడు. వేలితో స్క్రీన్ ఎడమ మూల తాకాడు.

"ఇదేంది మరక?"

"చుక్క సార్. లెన్సు మీద వాన చుక్క. తుడవలే."

"దీంట్లనూ అక్కడ్నే ఉన్నది, దాంట్లనూ అక్కడ్నే. గిట్ల తోక ఉన్నది, రెండింటికీ."

నేను వంగి చూశాను. నిజమే. రాత్రి వరసగా అన్నీ చూసినవాణ్ణి, నాకు అది ఫొటో పాడుచేసిన మరకలాగే కనపడింది, సిగ్గుపడి దాటేశాను. అదే చుక్క, అదే మూల, అదే వంకర తోక, ఆదివారం నాటి చివరి ఆరు ఇళ్ల ఫొటోల మీదా ఉంది, జనవరి ఒకటి నాటి ఆరు ఫొటోల మీదా ఉంది. లెన్సు శుభ్రంగా తుడుచుకునే ఫొటోగ్రాఫర్ అయితే ఆ రోజు ఓడిపోయేవాడు. మీలో ఎవరైనా దీన్నుంచి లెన్సు తుడవొద్దని పాఠం నేర్చుకుంటే నా దగ్గరికి టీకి రావద్దు.

సారు వెనక్కి వాలాడు.

"పెద్దాయనా, తారీఖు మార్చుకొని తెస్తే నేను కనిపెట్టకపోతుంటి. నిన్న సంతకం అయిపోతుండె. ఇంత గోల ఎందుకు చేసినట్టు?"

"మీరు కనిపెట్టరని తెలుసు సార్. అందుకే తేలేదు."

ఆయనకు అర్థమైందో లేదో తెలియదు. నా దేవునికి అర్థమైతే చాలు అనుకునే వయసు నాది. కొత్త కెమెరాకు తారీఖు దానంతట అదే పడుతుంది, ఎక్కడ తీశామో కూడా పడుతుంది, రెండు కార్డుల్లో ఒకేసారి ఎక్కుతుంది అని మీరు అంటారు. కొనుక్కోండి, మంచివే. మీ చేతిలో కెమెరా ఏం రాసిందో అది రాసినట్టే ఎదుటివాడి ముందు పెట్టి, తప్పు నాది అని పక్కన నిలబడగలరా అని మాత్రం ఏ కొట్టువాడూ మిమ్మల్ని అడగడు. నేను అడుగుతున్నాను. నన్ను మొండివాడు అనండి, పర్వాలేదు.

సారు రిజిస్టర్ తెప్పించాడు. ఎర్ర సిరా రెండు మాటలనూ కొట్టేస్తాడనుకున్నాను. కొట్టెయ్యలేదు. రెండు మాటల మధ్య పైన చిన్న గుర్తు పెట్టి, నల్ల సిరాతో ఒక్క మాట ఇరికించి, పక్కన పొట్టి సంతకం చేశాడు. నా తెల్ల కాగితాన్ని దానికి పిన్ను కొట్టాడు. ఆపరేటర్‌ను పిలిచి ఆమె పేరు జాబితాలో ఎక్కించమన్నాడు.

బయటికి వచ్చాం. ఆమెకు చదువు కొద్దిగా వచ్చు, కానీ అంత దూరంనుంచి కనపడలేదు.

"ఏం రాసిండన్నా?"

"ముందు 'ఇల్లు లేదు' అని ఉండె. ఇప్పుడు 'ఇల్లు ఇప్పుడు లేదు' అని రాసిండు."

"గంతేనా?"

"గంతే."

ఆమె కొంగు నడుముకు చెక్కుకుంటూ మెట్లు దిగింది. రెండు మెట్లు దిగి నావైపు తిరిగింది.

"గదే మాట నేను మొదటి దినమే చెప్పిన కద, నీళ్లు తీసిన నాడు. ఎవరన్న ఇన్నరా?"

బడిలో పొయ్యి ముట్టించే వేళ అయిందని బస్సుకోసం పరుగెత్తింది.